సీసా మీది గాట్లు
(కోటగిరిలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆయన్ని ఈ ఊళ్లో ఎవరైనా పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. అందరికీ ఆయన కాంపౌండర్ సాబ్. తన పేరు మీద ఏదీ పెట్టవద్దని ఇంట్లోవాళ్లకు చెప్పి పోయారట. అందుకే ఈ ఉపన్యాసంలో నేనూ ఆ పేరు ఎత్తను.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది 1970లలో, మా నాయన వేలు పట్టుకుని దవాఖానకు వచ్చినప్పుడు. చెక్క అల్మారా, పింగాణీ కల్వం, బల్ల మీద వరుసగా గాజు సీసాలు. కడుపు ఉబ్బరం, తేన్పులు అని వచ్చినవాళ్లకు గులాబి రంగు మందు కలిపి ఇచ్చేవారు. సోడా ఉప్పు, అల్లం, యాలకులు, పిప్పరమెంటు సారం కలిసిన ఆ నీళ్ల మందును కార్మినేటివ్ మిక్స్చర్ అంటారని తర్వాత మెడికల్ కాలేజీలో తెలుసుకున్నాను. మందు పోశాక ఆయన ఒక సన్నటి కాగితం పట్టీ తీసుకుని, మడిచి, అంచున కత్తెరతో గాట్లు కోసి, విప్పి సీసాకు అంటించేవారు. ఒక గాటు ఒక పూట. ఆరు గాట్లుంటే ఆరు పూటలు. చివరి గాటు దాటిందంటే మందు అయిపోయినట్టే. అక్షరం రానివాళ్లు కూడా చదువుకోగలిగిన చీటీ అది. ఇంకా కావాలంటే ఖాళీ సీసా పట్టుకుని మళ్లీ డాక్టరు ముందు నిలబడాలి. ఇంకా ఎందుకు కావాలో చెప్పాలి.

ఇవాళ నేను మాట్లాడేది గాట్లు లేని ఒక మందు గురించి. ఊళ్లో దాని పేరు గ్యాస్ గోళి. మా వైద్యుల భాషలో పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రబిప్రజోల్, ఎసోమెప్రజోల్. కడుపులో ఊరే ఆమ్లాన్ని తగ్గించే మందులు. ఈ మండలంలో ఏ ఇంటికి వెళ్లినా గూట్లోనో, టీవీ పక్కనో, దేవుడి పటం కిందో ఒక పట్టీ కనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది. అరికాళ్లలో మంటలు, నడిస్తే తూలు, ముఖం పాలిపోయి ఉంది. సంచీలోంచి గోళీలన్నీ బల్ల మీద పోసింది. అందులో పాంటోప్రజోల్ ఉంది.

"అవ్వా, ఈ గోళి ఎందుకు ఏసుకుంటున్నవ్?"

"గ్యాస్‌కు సారూ."

"గ్యాస్ ఉన్నదా ఇప్పుడు?"

"గోళి ఏసుకుంటున్న గదా, ఎట్లుంటది?"

ఆ జవాబుకు ఎదురు చెప్పలేం. ఎప్పుడు మొదలైందని అడిగితే, ఎన్నో ఏళ్ల కిందట నిమ్ము చేసి దవాఖానలో పడుకున్నప్పటి నుంచి అంది. మడతలు చిరిగిపోయిన డిశ్చార్జి కాగితం తీసి ఇచ్చింది. యాంటీబయాటిక్ 7 రోజులు అని ఉంది. దగ్గు మందు 5 రోజులు అని ఉంది. పాంటోప్రజోల్ దగ్గర మాత్రం పొద్దున ఒకటి అని ఉంది. ఎన్నాళ్లో లేదు. కింద సంతకం నాది.

నిమ్ముకూ కడుపులోని ఆమ్లానికీ సంబంధం లేదు. ఆమెకు పుండు లేదు, ఛాతీలో మంట లేదు, రక్తం పలచబడే మందు లేదు. మరి ఎందుకు రాశాను? వార్డులో అందరికీ రాస్తున్నాం కాబట్టి రాశాను. ఆసుపత్రుల్లో దీనికి ఒక మాట ఉంది: కవర్. "సూదులు పడుతున్నయి, కవర్ ఇవ్వండి" అంటాం. రోగి మంచం ఎక్కగానే గ్లూకోజ్ బాటిల్, దాని వెంట పాంటాప్ సూది. యాంటీబయాటిక్ వేడి చేస్తుందని రోగి భయం, ఆ భయానికి మా కవర్. నిజానికి మామూలు యాంటీబయాటిక్ కడుపులో పుండు చేయదు, పారాసిటమాల్ చేయదు, సెలైన్ అసలే చేయదు. కవర్ అనే మాట ఎవరికి రక్షణో కూడా ఆలోచించాలి. చాలాసార్లు అది రోగి కడుపుకు కాదు, రాసేవాడి మనసుకు.

ఈ అలవాటుకు మూలం లేకపోలేదు. ప్రాణం మీదికి వచ్చిన రోగుల కడుపులో ఒత్తిడి వల్ల పుండ్లు పడి రక్తం కారడం ఐ.సి.యు.లలో పాత సమస్య. ఎవరికి ఆ ముప్పు ఉంటుందో తేల్చడానికి కెనడాలో డెబోరా కుక్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు 2,252 మంది ఐ.సి.యు. రోగులను గమనించి 1994లో ఫలితాలు ప్రకటించారు. రెండు కారణాలు గట్టిగా బయటపడ్డాయి: 48 గంటలు దాటి వెంటిలేటర్ మీద ఉండటం, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతినడం. ఈ రెంటిలో ఒక్కటైనా ఉన్న 847 మందిలో 31 మందికి పెద్ద రక్తస్రావం జరిగింది. రెండూ లేని 1,405 మందిలో అది జరిగింది ఇద్దరికే. వీళ్లంతా ఐ.సి.యు.లో ఉన్నవాళ్లని గుర్తుంచుకోండి. మరి మన జనరల్ వార్డులో జ్వరంతో పడుకుని, పొద్దున ఇడ్లీ తిని, చాయ్ తాగి, పక్క మంచం వాళ్లతో ముచ్చట పెట్టే మనిషికి ఆ సూది దేనికి? అవసరమే ఉందనుకున్నా, మింగగలిగిన మనిషికి గోళి చాలు.

వెంటిలేటర్ మీదున్నవారికి మాత్రం ఈ మందు పని చేస్తుందని 2024లో మరింత గట్టిగా తేలింది. 4,821 మందితో జరిగిన పరీక్షలో పాంటోప్రజోల్ ఇచ్చినవారిలో నూటికి ఒకరికి, ఇవ్వనివారిలో నూటికి 3.5 మందికి రక్తస్రావమైంది. అంటే మందు మంచిదే. అది చేరాల్సిన మంచం వేరు, మేం చేరవేస్తున్న మంచాలు వేరు.

ఈ మందుల గొప్పతనం తెలియాలంటే అవి రాకముందు రోజులు తెలియాలి. వరి అన్నం తినే దక్షిణాదిలో చిన్నపేగు మొదట్లో పడే పుండు ఎంత ఎక్కువో చూసి పాశ్చాత్య వైద్యులు ఆశ్చర్యపోయేవారు. ఎవరెస్టు ఎక్కబోయిన దళాల్లో ఉన్న హోవర్డ్ సోమర్వెల్ అనే సర్జన్ తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరులో స్థిరపడి, జీవితంలో పెద్ద భాగం ఈ పుండ్లకు ఆపరేషన్లు చేస్తూ గడిపారు. మైసూరులో పనిచేసిన ఫ్రాంక్ టోవీ అనే మరో సర్జన్ వరి తినేచోట ఎక్కువ, గోధుమ తినేచోట తక్కువ ఎందుకని ఏళ్ల తరబడి వెతికారు. మన పల్లెల్లో కూడా పొట్ట మీద నిలువుగా కుట్ల మచ్చ ఉన్న తాతలు ఉండేవారు. "అల్సర్ ఆపరేషన్ అయింది" అని ఆ మచ్చ చూపించేవారు.

జేమ్స్ బ్లాక్ బృందం కనిపెట్టిన సిమెటిడిన్ అనే మందు 1976లో వచ్చాక కత్తి పని తగ్గింది. ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. ఆ సంవత్సరమే స్వీడన్‌లో ఒమెప్రజోల్ బజారులోకి దిగింది. ఈలోపు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ పుండ్లలో ఎక్కువ భాగానికి మూలం ఒక క్రిమి అని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ఒకప్పుడు కడుపు కోయాల్సిన జబ్బు రెండు వారాల యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే గోళీలతో నయమవుతోంది. ఆ రెండు వారాలకు గాట్లున్నాయి, గమనించండి.

ఈ గోళి పనితనం నిజాంసాగర్ కాలువ కింద సాగు చేసేవాళ్లకు చెప్పడం తేలిక. కడుపు గోడలో ఆమ్లం వదిలే కణాలకు చిన్న చిన్న పంపులుంటాయి. వాటిని తూములు అనుకోండి. ఈ మందు రక్తంలో ఉండేది కొద్ది గంటలే. ఆ కాసేపట్లో పని చేస్తున్న తూములను మాత్రమే పట్టి మూసేస్తుంది. మూసినవి మళ్లీ తెరుచుకోవు, కొత్తవి పుట్టాల్సిందే. అందుకే దాని పని రోజంతా నిలుస్తుంది. తిండి చేరినప్పుడే తూములు పని మొదలుపెడతాయి కాబట్టి గోళి తిండికి అరగంట, గంట ముందు వేసుకోవాలి. అన్నం తిన్నాక మిగతా గోళీలతో కలిపి ఇది కూడా గొంతులో వేసుకుంటే సగం శ్రమ వృథా. ఇంత చిన్న సంగతి చెప్పకుండా మేం వేల చీటీలు రాశాం.

తూము మూసి ఉంచితే వెనక నీరు నిలుస్తుంది కదా. కడుపులోనూ అలాంటిదే జరుగుతుంది. ఆమ్లం తగ్గిందని తెలియగానే దాన్ని పుట్టించమని చెప్పే గాస్ట్రిన్ హార్మోన్ పెరుగుతుంది. ఆమ్లం చేసే కణాలు బలుస్తాయి. ఒకరోజు గోళి ఆపితే అవన్నీ ఒక్కసారి పని చేస్తాయి. డెన్మార్క్‌లో చేసి 2009లో ప్రచురించిన ఒక ప్రయోగం నా ఆలోచన మార్చింది. 120 మంది ఆరోగ్యవంతులను తీసుకున్నారు. ఒక్కరికీ కడుపులో మంట లేదు. సగం మందికి 8 వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపారు. మిగతా సగానికి మొదటి నుంచీ ఉత్తుత్తి గోళీలే. మందు ఆపాక వచ్చిన నాలుగు వారాల్లో నిజమైన మందు వాడినవారిలో నూటికి 44 మందికి మంట, పుల్లతేన్పులు వచ్చాయి. రెండో గుంపులో నూటికి 15 మందికే. జబ్బు లేనివాళ్లకు మందు ఇచ్చి, ఆ మందు కావాలనిపించే జబ్బు పుట్టించామన్నమాట. మన అవ్వ మధ్యలో రెండుసార్లు మానేసి చూసిందట. మంట వచ్చింది. "నాకు గ్యాస్ ఉన్నది, గోళి లేకుంటే నడవది" అనుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఆమె తప్పేముంది?

ఇక నష్టాల సంగతి. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. భయపెట్టి మందు మాన్పించడం కూడా తప్పుడు వైద్యమే. మతిమరుపు వస్తుందని, కిడ్నీలు పోతాయని ఫోన్లలో తిరిగే మాటలు మీరూ వినే ఉంటారు. గుండె, రక్తనాళాల జబ్బులున్న 17,598 మందికి సగటున మూడేళ్లు పాంటోప్రజోల్ లేదా ఉత్తుత్తి గోళి ఇచ్చి పోల్చిన పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఆ భయాల్లో చాలావాటికి అందులో ఆధారం దొరకలేదు. పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రం కొంచెం ఎక్కువ: మందు వాడినవారిలో నూటికి 1.4, ఉత్తుత్తి గోళి వాడినవారిలో 1.0. అది అర్థమయ్యేదే. మన ఊరి పేరులోనే కోట ఉంది. తిండితో, నీళ్లతో వచ్చే క్రిములకు కడుపులోని ఆమ్లం కోట గుమ్మం దగ్గరి కావలి. కావలివాణ్ణి నిద్రపుచ్చితే దొంగలు దూరతారు.

అయితే ఆ పరీక్ష మూడేళ్లది. మన అవ్వలు, తాతలు ఈ గోళీ వేసుకునేది పదేళ్లు, పదిహేనేళ్లు. తిండిలోని బి12 విడిపోవడానికి ఆమ్లం కావాలి. రెండేళ్లు దాటి ఈ మందులు వాడినవారిలో బి12 లోపం ఎక్కువగా కనిపిస్తోందని 2013లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గిస్తుంది. అవ్వకు షుగరు ఉంది, ఆమె మాంసం ముట్టదు, పైన నా గోళి. మూడూ ఒకచోట కలిశాయి. అరికాళ్ల మంటలకు ఆమెకు అప్పటికే ఎవరో నరాల గోళీలు రాశారు, తూలుకు తలతిరుగుడు గోళి రాశారు. ఒక్క గోళి ఇంకో రెంటిని కన్నది. రక్తపరీక్షలో బి12 అడుగంటి ఉంది. ఇనుము ఒంటికి పట్టడానికి, థైరాయిడ్ గోళి కరగడానికి కూడా ఆమ్లం సాయం చేస్తుంది. థైరాయిడ్ మోతాదు పెంచుతూ పోయే ముందు పక్కన గ్యాస్ గోళి ఉందేమో చూడమని తోటి వైద్యులను కోరుతున్నాను.

ఇది ఒక్క కోటగిరి కథ కాదు. భారత వైద్య పరిశోధనా మండలి దేశంలోని 13 పెద్ద ఆసుపత్రుల్లో రాసిన 4,838 చీటీలను పరిశీలించింది. ఆ ఫలితాలు 2024లో ప్రచురితమయ్యాయి. 2,171 చీటీలు ప్రామాణిక చికిత్సా పద్ధతుల నుంచి ఏదో ఒక విధంగా పక్కకు జరిగాయి. ఏమాత్రం ఒప్పుకోలేనివని తేల్చినవి 475. అనవసరంగా రాసిన మందుల్లో ముందు వరుసలో ఉన్నది పాంటోప్రజోల్. దాని వెంటే రబిప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన గోళి. ఇవి వైద్య విద్యార్థులకు పాఠం చెప్పే ఆసుపత్రులు. అక్కడ నేర్చుకున్న చెయ్యి జిల్లాకు వచ్చి అలాగే రాస్తుంది. పెద్ద దవాఖాన డాక్టరు రాశాడు కదా అని ఊళ్లోని ఆర్.ఎం.పి. కూడా అదే రాస్తాడు. పేరు చివర డి అక్షరం తోక ఉన్న గోళీల్లో ఉండేది ఈ డోంపెరిడోనే. వాంతుల మందు. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని 2014లో యూరప్ మందుల సంస్థ దాన్ని వారం రోజులకు మించి వాడవద్దంది. మన దగ్గర ఏళ్ల తరబడి టిఫిన్‌కు ముందు నడుస్తోంది.

ఇంతసేపూ అనవసరంగా ఇచ్చిన సంగతి చెప్పాను. అవసరమైనచోట ఇవ్వకపోవడం దీనికన్నా బరువైన తప్పు.

మన దగ్గర నాట్ల కాలంలో వంగి వంగి నడుములు పోతాయి. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు మెడ, వీపు, వేళ్లు పీకుతాయి. నొప్పుల గోళి లేనిది పొద్దు గడవదు. డైక్లోఫినాక్ లాంటి ఆ గోళీలు కడుపు గోడకు ఉన్న రక్షణ పొరను తినేస్తాయి. క్రిమి తర్వాత మన పుండ్లకు పెద్ద కారణం అవే. అరవై అయిదు దాటినవాళ్లు, ఇంతకుముందు పుండు పడ్డవాళ్లు, ఆస్పిరిన్ వాడేవాళ్లు నొప్పుల గోళి వేసుకుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. నాకు తెలిసిన ఒక రైతుకు గుండెకు స్టెంటు వేసి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ రాశారు. మోకాళ్లకు ఆయన సొంతంగా నొప్పుల గోళి కొనుక్కునేవాడు. గ్యాస్ గోళి లేదు. ఒక తెల్లవారుజామున తారులాంటి నల్ల విరేచనమై, కళ్లు తిరిగి పడిపోయాడు. అదృష్టం బాగుండి బతికాడు. ఆయనకు ఈ మందు మొదటి రోజు నుంచే ఉండాల్సింది. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ కన్నా పాంటోప్రజోల్ మేలు. మొదటి రెండూ క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తాయి.

నిమ్ముతో వచ్చిన అవ్వకు అక్కర్లేని గోళి ఇన్నేళ్లు నడిచింది. స్టెంటు వేసిన రైతుకు కావాల్సిన గోళి ఒక్కరోజు కూడా దొరకలేదు. ఎందుకు అని అడగకుండా చెయ్యి రాసుకుంటూ పోతే ఇలాగే ఉంటుంది.

అందుకే నేను ఆసుపత్రుల్లో అడిగేది పెద్ద యంత్రమేమీ కాదు. కేస్ షీటులో ఈ మందు పేరు పక్కన రెండు ముక్కలు: ఎందుకు, ఎన్నాళ్లు. ఐ.సి.యు.లో కవర్ కోసం మొదలుపెట్టామా? రోగి వార్డుకు మారిన రోజు అది ఆగాలి. ఛాతీలో మంటకా? 4 నుంచి 8 వారాలు రాసి, తర్వాత చూడాలి. డిశ్చార్జి కాగితం మీద అన్ని మందులకూ రోజులు రాసి దీనికి మాత్రం వదిలేయడం ఆగాలి. రోజులు రాయకపోతే సిస్టర్ అడగాలి. మందుల కౌంటర్లో ఫార్మసిస్టు అడగాలి. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని జంకవద్దు. నన్ను ఆనాడు ఒక్కరు అడిగి ఉంటే అవ్వ కాళ్లు మండేవి కావు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సలహాల్లో మొదటిది కూడా ఇదే: ఈ మందు వాడే ప్రతి మనిషికీ కారణం ఇంకా ఉందా అని ఎప్పటికప్పుడు చూడాలి, చూసింది రాసిపెట్టాలి. మాన్పించాలంటే కారణం లేదని తేలి మాన్పించాలి తప్ప దుష్ఫలితాల భయంతో కాదని కూడా వాళ్లు చెప్పారు. ఆ రెండో మాట నాకు ఎంతో నచ్చింది.

మాన్పించేటప్పుడు మంట రావచ్చని ముందే చెప్పాలి. రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. మోతాదు సగం చేసి, తర్వాత దినం విడిచి దినం వేసి ఆపవచ్చు. మధ్యలో మంట లేస్తే యాంటాసిడ్ ద్రవమో, ఫామోటిడిన్ గోళో వాడుకోవచ్చు. పాతకాలపు రానిటిడిన్ గుర్తుండే ఉంటుంది. దానిలో క్యాన్సర్ కారకమని అనుమానించే కల్మషం బయటపడి అమెరికాలో 2020లో ఆపించారు, మన అత్యవసర మందుల జాబితా నుంచి 2022లో తీసేశారు. అవ్వకు ఇలాగే ఆపాం. రెండో వారం ఫోన్ చేసి "మండుతున్నది సారూ" అంది. "నాలుగు దినాలు ఓపిక పట్టవ్వా, తగ్గుతది" అన్నాను. తగ్గింది. బి12 సూదులతో రక్తం పెరిగింది. కాళ్ల మంట సగమే తగ్గింది. నరం ఎక్కువ కాలం ఆకలితో ఉంటే పూర్తిగా కోలుకోదు.

ఒక మాట ప్రాణానికి సంబంధించింది. ఛాతీలో బరువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి. ఇది గ్యాస్ అని గోళి వేసుకుని, సోడా తాగి, తెల్లారేదాకా చూసినవాళ్లను నేను చాలామందిని చూశాను. గుండెపోటులో గంటలు లెక్క. గ్యాస్ అవునో కాదో ఈ.సీ.జీ. తీసినవాళ్లు చెప్పాలి, ఇంట్లో నిర్ణయించుకోవద్దు. అలాగే మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, రక్తం తక్కువ కావడం, యాభై దాటాక కొత్తగా మొదలైన అజీర్తి. వీటికి గోళి కాదు, ఎండోస్కోపీ కావాలి. గోళి మంటను కప్పేస్తుంది, కింద ఉన్నదాన్ని కప్పలేదు.

ఈ సభ అయ్యాక బయట వరండాలో రెండు బల్లలు వేస్తారు. నేను, నాతో వచ్చిన ఇద్దరు యువ వైద్యులు, మన ఊరి ఫార్మసిస్టులు అక్కడ కూర్చుంటాం. గ్యాస్ గోళి వేసుకునేవాళ్లు చీటీలతో రండి. స్టెంటు పడ్డవాళ్లు, రక్తం పలచబడే గోళి వాడేవాళ్లు, ఎప్పుడైనా నల్ల విరేచనం అయినవాళ్లు, నొప్పుల గోళి రోజూ వేసుకునేవాళ్లు ముందు రండి. మీలో చాలామందికి ఈ మందు ఉండాల్సిందే. నా మాటలు విని ఇవాళ ఇంటికి పోయి ఎవరూ సొంతంగా ఏ గోళీ ఆపవద్దు. గోళీల పట్టీతో పాటు అది మొదలైన నాటి దవాఖాన కాగితం ఇంట్లో ఉంటే వెతికి తెండి. ఇవాళ దొరక్కపోతే రేపు పొద్దున పది గంటల దాకా మేం ఈ ఊళ్లోనే ఉంటాం.